పాత జపాన్ చేతి గడియారాలు: సేకరణ, పునరుద్ధరణ

1950ల నడుమ నుంచి 1980ల తొలి సంవత్సరాల దాకా సీకో, సిటిజెన్, ఓరియంట్ కంపెనీలు చేసిన మెకానికల్ వాచీలను వెతికి పట్టుకోవడం, అసలువో కాదో తేల్చుకోవడం, తిరిగి నడిపించడం ఈ సేకరణలో ప్రధానమైన పనులు. వీటిలో చాలా మోడళ్లు సామాన్య ఉద్యోగుల కోసం పెద్ద సంఖ్యలో తయారైనవే. అందుకే సేకర్తలు అరుదుతనం కంటే అసలుతనానికే ఎక్కువ విలువ ఇస్తారు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన డయల్, ముళ్ళు, కేసు, మెషిన్ ఇన్నేళ్ల తర్వాతా ఒకటిగా మిగిలిన వాచీ దొరకడమే కష్టం.

కింతారో హట్టోరి 1881లో టోక్యోలో పెట్టిన గడియారాల దుకాణమే తర్వాత సీకో అయింది. జపాన్ తొలి చేతి గడియారం ‘లారెల్’ను 1913లో ఆ సంస్థే చేసింది. సిటిజెన్ మూలాలు 1918 నాటి ఒక గడియారాల పరిశోధనశాలలో ఉన్నాయి. 1930లో అది కంపెనీగా ఏర్పడింది. ఓరియంట్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. సేకర్తలకు ఆసక్తి కలిగించే కథ సీకో లోపలే నడిచింది. సువా, టోక్యోలోని దైనీ అనే రెండు ఫ్యాక్టరీలు ఒకే పేరుతో వాచీలు చేస్తూనే ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. 1960లో సువా గ్రాండ్ సీకో తెస్తే, మరుసటి ఏడాది దైనీ కింగ్ సీకోతో బదులిచ్చింది. ఆ కాలపు చాలా డయళ్ల మీద 6 అంకె దగ్గర ఏదో ఒక ఫ్యాక్టరీ గుర్తు కనిపిస్తుంది. సువాది సుడి, దైనీది మెరుపు.

ఆటోమేటిక్ వాచీలను చౌకగా చేయడానికి దారి చూపింది 1959లో సీకో తెచ్చిన ‘మ్యాజిక్ లివర్’. చేయి ఊగినప్పుడు లోపలి బరువుబిళ్ల ఎటు తిరిగినా, రెండు కొక్కేలున్న ఒక చిన్న లివర్ పళ్లచక్రాన్ని ఒకవైపే లాగుతుంది, నెడుతుంది. భాగాలు తక్కువ, అరుగుదల తక్కువ. నలభై యాభై ఏళ్లనాటి సీకో 5 వాచీలు ఇప్పటికీ నడవడానికి ఇలాంటి సాదా నిర్మాణమే ముఖ్య కారణం.

1969లో సీకో రెండు వాచీలు తెచ్చింది. మే నెలలో వచ్చిన 6139 ప్రపంచపు తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫుల్లో (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీల్లో) ఒకటి. డిసెంబరు 25న వచ్చిన ‘ఆస్ట్రాన్’ తొలి క్వార్ట్జ్ చేతి గడియారం. దాని ధర 4,50,000 యెన్లు. మెకానికల్ వాచీల యుగానికి ముగింపు పలికింది ఆ రెండోదే. 6139కు వేరే ఖ్యాతి దక్కింది. విలియం పోగ్ అనే అమెరికన్ వ్యోమగామి 1973 నవంబరులో స్కైల్యాబ్‌కు వెళ్తూ పసుపు డయల్ ఉన్న 6139ను వెంట తీసుకెళ్లాడు. నాసా అనుమతి పొందిన వాచీల్లో అది లేదు. ఈ మోడల్‌ను సేకర్తలు నేటికీ ‘పోగ్’ అనే పిలుస్తారు.

అసలు వాచీని గుర్తించడానికి సీకో వెనకమూత గొప్ప ఆధారం. దాని మీద 6139-6002 అని ఉంటే ముందు నాలుగంకెలు మెషిన్‌వి, తర్వాతి నాలుగు కేసువి. పక్కనే సీరియల్ సంఖ్య ఉంటుంది. అది 3Nతో మొదలైతే మూడో ఏడాది, నవంబరు నెల అని అర్థం. అక్టోబరుకు O, డిసెంబరుకు D వేస్తారు. దశాబ్దం మాత్రం రాయరు, దాన్ని మెషిన్ చరిత్రను బట్టి తేల్చుకోవాలి. 6139 పుట్టిందే 1969లో కాబట్టి ఇక్కడ 3 అంటే 1973. డయల్ అడుగు అంచున ఇంకో కోడు ఉంటుంది. అందులోని మెషిన్ సంఖ్య వెనకమూతతో కలవాలి. డయల్ సంఖ్య కేసు సంఖ్యతో కలవనక్కర్లేదు. ఈ తేడా తెలియక అసలు వాచీని నకిలీ అనుకుని వదిలేసేవారూ ఉన్నారు. 1970 ప్రాంతం వరకు ‘వాటర్‌ప్రూఫ్’ అని వేసి, ఆ తర్వాత ‘వాటర్ రెసిస్ట్’కు మారారు. తేదీ నిర్ణయానికి ఇదీ పనికొస్తుంది.

ఈ సేకరణలో అతిపెద్ద నష్టం మళ్లీ రంగు వేసిన డయల్. భారతదేశం నుంచి అమ్మకానికి వచ్చే సీకో 5ల్లో ఇవి ఎక్కువ. విదేశీ సేకర్తలు వీటికి ‘ముంబై స్పెషల్’ అని పేరే పెట్టారు. భూతద్దం కింద పెడితే గుట్టు బయటపడుతుంది. అక్షరాల అంచులు పాకినట్టు ఉంటాయి, నిమిషాల గీతలు గంటల గుర్తులకు సూటిగా రావు, అడుగున ఉండాల్సిన కోడు కనిపించదు. మరకలు పడి వెలిసిన అసలు డయల్ ఎంత పాతబడినా నిజమైనదే. దాన్ని గీకి రంగు పూశాక వెనక్కి తెచ్చే దారి లేదు.

పునరుద్ధరణ మెషిన్ దగ్గర మొదలవుతుంది. ముందు మెయిన్‌స్ప్రింగులో మిగిలిన బిగువును వదిలించి, తర్వాత బ్యాలెన్స్ తీసి, చక్రాలు విప్పుతారు. పాత నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. దాన్ని పూర్తిగా కడగకుండా పైపైన కొత్త చుక్క వేస్తే అరుగుదల పెరుగుతుందే తప్ప తగ్గదు. శుభ్రం చేశాక రాళ్లలోకి పలచని నూనె, బరువు పడే చోట చిక్కటి గ్రీజు సూదిమొనంత మోతాదులో పెట్టి, నడకను కొలిచే టైంగ్రాఫర్ అనే పరికరం మీద పరీక్షిస్తారు. కొన్ని మెషిన్లకు పుట్టుకతో వచ్చిన బలహీనతలున్నాయి. సీకో 56 వరుస మెషిన్లలో తేదీ, వారం మార్చే ప్లాస్టిక్ భాగం పగులుతుంది. అసలు భాగం కొత్తది దొరకడం కష్టం గనుక తరచుగా మూలపడిన మరో వాచీ నుంచి తీయాల్సి వస్తుంది.

కేసు విషయంలో ఓపిక పట్టడమే మంచిది. 1967 నాటి 44జీఎస్ లాంటి గ్రాండ్ సీకోల అందమంతా చదునైన ముఖాల్లో, అవి కలిసేచోట పదునైన అంచుల్లో ఉంది. బజారులోని బఫింగ్ చక్రం మీద అర నిమిషం పెడితే చాలు, ఆ అంచులు గుండ్రబడిపోతాయి. గీతలున్న కేసును అలాగే ఉంచేయాలి.

మన దేశానికి ఈ జపాన్ వాచీల కుటుంబంతో నేరుగా చుట్టరికం ఉంది. 1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ సిటిజెన్ సహకారంతోనే మొదలైంది. చేత్తో కీ ఇచ్చే ‘జనతా’లో ఉన్నది సిటిజెన్ నమూనా మీద చేసిన మెషినే. అందులో ఆటోమేటిక్ లేదు, తేదీ లేదు. పని నేర్చుకోదలచినవారు గ్రాండ్ సీకో జోలికి వెళ్లేముందు ఒక జనతాను పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి నడిపించడం మంచిది.