ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాల పునఃప్రారంభం (2020)

కోవిడ్-19 లాక్‌డౌన్ కారణంగా 2020 మార్చిలో మూతపడిన ప్రభుత్వ మద్యం దుకాణాలు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో అదే సంవత్సరం మే 4న తిరిగి తెరవబడినవి. కంటైన్మెంట్ జోన్లలోని దుకాణాలకు అనుమతి లభించలేదు.

నిబంధనలు

కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఉత్తర్వుల ప్రకారం కొనుగోలుదారుల మధ్య ఆరు అడుగుల దూరం ఉండవలెను; దుకాణం వద్ద ఒకేసారి ఐదుగురికి మించి ఉండరాదు. ఆ ఐదుగురి వెనుక పెరిగే వరుసే అసలు చిక్కు. మొదటిరోజే పలుచోట్ల జనం బారులు తీరడంతో దూరం నియమం కాగితానికే పరిమితమైనది. విశాఖపట్నం జిల్లాలో వరుసల పర్యవేక్షణకు ఉపాధ్యాయులను వినియోగించడం విమర్శలకు గురైనది.

ధరల పెంపు

మొదట 25 శాతం, మరునాడు మరో 50 శాతం చొప్పున ధరలు పెంచబడినవి. రద్దీని, వినియోగాన్ని తగ్గించుటకే ఈ పెంపు అని ప్రభుత్వం తెలిపినది. కాని తెలంగాణ నుండి, శ్రీకాకుళం జిల్లాను ఆనుకొని ఉన్న ఒడిషా నుండి మద్యం అక్రమ రవాణా పెరిగినది. జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, మద్యం దుకాణాలు మూసి ఉన్న సమయంలో, శానిటైజర్ తాగి పదిమంది వరకు, ఆపై మరికొందరు మరణించారు. మూసివేత కూడా ప్రమాదరహితం కాదని ఈ ఘటన తెలిపినది.

బార్లు

సీసా కొని ఇంటికి పోవడం వేరు, మూసిన గదిలో మాస్కు తీసి గంటల తరబడి కూర్చోవడం వేరు. అందువలన బార్లకు అనుమతి ఆలస్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఇవి 2020 సెప్టెంబరులో తెరచుకొన్నవి.