కొమాచి అనే పేరు

పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఓనో నో కొమాచి కవితల్ని ఇంగ్లీషు అనువాదంలో చదివాను. తొమ్మిదో శతాబ్దపు జపాన్ కవయిత్రి. ఆ కాలపు ఆరుగురు మేటి కవుల జాబితాలో ఆమె ఒక్కతే స్త్రీ. కానీ జపాన్ వాడుకలో 'కొమాచి' అంటే కవి కాదు, అందగత్తె. ముందు ఊరి పేరు తగిలించి ఫలానా ఊరి కొమాచి అంటారు. ఈ సంగతి తెలిసినప్పుడు కోపం వచ్చింది గానీ ఆశ్చర్యం వెయ్యలేదు. ఆశ్చర్యం వేసింది, అదే పేరు రాక్ సంగీతం చరిత్రలో ఎదురైనప్పుడు.

1983లో ఒక రికార్డు కంపెనీ ఆడిషన్ పెట్టి అయిదుగురు అమ్మాయిల్ని ఎంపిక చేసింది. వాళ్ల బృందానికి పెట్టిన పేరు 'అకసాకా కొమాచి'. అకసాకా టోక్యోలో ఒక పేట. గిటార్లూ డ్రమ్సూ చేతపట్టుకుని వచ్చిన వాళ్లకి దొరికిన మొదటి గుర్తింపు, పేటలోకెల్లా అందగత్తెలని!

అప్పటికి జపాన్‌లో రాక్ కొత్తదేం కాదు. 1966లో బీటిల్స్ టోక్యోలోని బుడోకాన్‌లో పాడి వెళ్లారు. ఆ ఊపులో 'గ్రూప్ సౌండ్స్' పేరుతో కుర్రాళ్ల బృందాలు వెల్లువెత్తాయి. 1970 ప్రాంతంలో ఒక వివాదం నడిచింది. సాహిత్య విద్యార్థిగా నాకు చాలా ఇష్టమైన వివాదం అది. రాక్ లయకి జపనీస్ భాష ఒదుగుతుందా, ఇంగ్లీషులోనే పాడాలా అని. యూయా ఉచిదా ఇంగ్లీషు పక్షం. 'హ్యాపీ ఎండ్' బృందం మాతృభాష పక్షం. 1971లో వాళ్ల 'కజెమాచి రోమన్' ఆల్బం వచ్చాక వాదన దాదాపు తేలిపోయింది. అయితే జపనీస్‌లో 'నేను' అనడానికి మగవాళ్ల మాట వేరు, ఆడవాళ్ల మాట వేరు. రాక్ పాటలో 'నేను' ఎవరు? నేను చదివినంతలో ఆ చర్చలో ఈ ప్రశ్న లేదు. పేర్లన్నీ మగవాళ్లవే.

అలాగని ఆడవాళ్లు లేరా? 1969లో షూజీ తెరయామా రాసిన విషాదగీతంతో పేరు తెచ్చుకున్న కార్మెన్ మాకీ, జానిస్ జాప్లిన్‌ని విని రాక్ వైపు మళ్లింది. 1975లో 'ఓజ్' బృందంతో ఆల్బం తెచ్చింది. ఒసాకాలో 1981లో మొదలైన 'షోనెన్ నైఫ్' అమ్మాయిలు, పదేళ్లకి బ్రిటన్‌లో నిర్వాణా కచేరీలకి ముందు వాయించారు.

నన్ను ఎక్కువ కదిలించింది 1987. ఉద్యోగాల్లో సమానావకాశాల చట్టం అమల్లోకి వచ్చిన మరుసటేడు. 'షో-యా' అనే మహిళా బృందం టోక్యో హిబియా పార్కులోని ఆరుబయలు సభాస్థలిలో అందరూ ఆడవాళ్లే పాడి వాయించే ఉత్సవం పెట్టింది. పేరు 'నావోన్ నో యావోన్'. యావోన్ అంటే ఆ ఆరుబయలు వేదిక. 'నావోన్' మాత్రం నిఘంటువులో వెతికితే దొరికేది కాదు. జపనీస్‌లో స్త్రీని 'ఒన్నా' అంటారు. అక్షరాలు తిరగేసి మాట్లాడడం అక్కడి సంగీతగాళ్ల యాస. ఒన్నాని తిరగేస్తే నావోన్! మగవాళ్లు తమలో తాము వాడుకునే యాసలోంచి ఒక మాట లాక్కుని వేదిక మీద రాసుకున్నారు.

ఇదే కాలంలో 'ఎక్స్' లాంటి మగ బృందాలు లిప్‌స్టిక్కు, పొడుగు జుట్టుతో లక్షలమందిని ఊపేశాయి. 1629లో కబుకీ వేదిక మీంచి స్త్రీలని నిషేధించి, స్త్రీ వేషాలు మగవాళ్లే కట్టిన దేశం కదా. స్త్రీత్వాన్ని మగవాడు ధరిస్తే కళ. ఆడపిల్ల గిటారు పడితే 'గర్ల్స్ బ్యాండ్'.

అకసాకా కొమాచి సంగతి చెప్పలేదు కదూ. కంపెనీ మారారు, పేరు మారింది. 'ప్రిన్సెస్ ప్రిన్సెస్' అయ్యారు. రాకుమారి అనడంలో మాత్రం గొప్పేముంది అని మీరడగొచ్చు. నేనూ అనుకున్నాను. కానీ పాటలు తామే రాసుకున్నారు. 'డైమండ్స్'కి గిటారిస్టు కనకో నకయామా మాటలు రాసింది, గాయని కవోరి ఒకుయి బాణీ కట్టింది. పది లక్షలకి పైగా అమ్ముడై 1989లో జపాన్‌లోకెల్లా ఎక్కువ అమ్ముడైన సింగిల్ అది. రెండో స్థానం కూడా వీళ్ల పాటదే. ఆ ఏడాదే బుడోకాన్‌లో కచేరీ చేశారు. పూర్తి మహిళా బృందం అక్కడ వాయించడం అదే మొదలు. 1996లో విడిపోయారు.

నో నాటకాల్లో కొమాచిని ముసలితనంలో చూపిస్తారు. అందం పోయి, చింకిపాతలతో, బిచ్చమెత్తుకుంటూ. 2011 భూకంపం తర్వాత, బాధితుల సాయం కోసం ఆ అయిదుగురూ 2012లో మళ్లీ కలిశారు. అందరూ నలభైల్లో ఉన్నారు. పాత పాటలే వాయించారు.