మౌఖిక పరీక్షలో మాట: గురజాడ నుంచి పరిశోధక ప్రవేశాల దాకా

విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో మౌఖిక పరీక్ష చరిత్రను మార్కుల నిష్పత్తి చరిత్రగా చూడటం తేలిక. అభ్యర్థి ఏ మాటతో సమాధానం చెప్పాలి, ఆ మాటకు ఎలా సిద్ధమవుతాడు అనేది వేరే ప్రశ్న. అనకాపల్లి ప్రాంతం నుంచి పరిశీలిస్తే ఈ రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది.

నిష్పత్తి సంగతి కొంత తేలింది. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాల్లో రాత పరీక్షకు 100, మౌఖికానికి 50 మార్కులు ఉండేవి. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలే మాట్లాడారనీ, అడిగినవి తల్లిదండ్రుల గురించీ నివాసం గురించీ అనీ పిటిషనర్లు ఆరోపించారు. 1980 నవంబరులో వెలువడిన అజయ్ హాసియా తీర్పులో జస్టిస్ పి.ఎన్. భగవతి మౌఖికానికి 15 శాతం మించరాదన్నారు. సంభాషణను టేపు మీద రికార్డు చేయడం మేలని కూడా సూచించారు. పరిశోధక ప్రవేశాలది మరో దారి. యూజీసీ 2016 నిబంధనల్లో రాత పరీక్ష కేవలం అర్హతకే పరిమితమైంది; 2018 సవరణ రాతకు 70, మౌఖికానికి 30 శాతం నిర్ణయించింది. ప్రతిపాదిత పరిశోధనకు అభ్యర్థి సమర్థుడా, ఆ పని ఆ సంస్థలో సాగుతుందా, దానివల్ల కొత్త జ్ఞానం చేకూరుతుందా అన్నవే 2016 నిబంధనల ప్రకారం మౌఖికంలో చూడవలసిన అంశాలుగా ఉండేవి. భాషా సౌష్ఠవం వీటిలో లేదు.

అయినా మన సాధన అంతా దానికోసమే. ఇక్కడ గురజాడ గుర్తుకు రావడం కేవలం ప్రాంతాభిమానం కాదు (ఆయన 1862లో పుట్టిన రాయవరం నేటి అనకాపల్లి జిల్లాలోనిదే అయినప్పటికీ). మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో ఆయన సమర్పించిన అసమ్మతి పత్రం విద్యార్థి రచనకు గ్రాంథికాన్ని తప్పనిసరి చేయడాన్ని వ్యతిరేకించింది. దాని విషయం రాత పరీక్షే, మౌఖికం కాదు. కానీ పరీక్ష కోసం అరువు తెచ్చుకున్న భాష ఆలోచనకు అడ్డుపడుతుందన్న శంక రెండింటికీ వర్తిస్తుంది.

మౌఖికానికి సరిపోయే దృశ్యం ‘కన్యాశుల్కం’లో ఉంది. వెంకటేశం చదువు ఎంతవరకు వచ్చిందో వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ పాఠ్యపుస్తకాల్లోని ఇంగ్లీషు ముక్కలను, ఒకదానికొకటి పొంతన లేకుండా, సంభాషణలా ఒప్పజెబుతారు. తల్లి మురిసిపోతుంది. దీన్ని గిరీశం దగాగా మాత్రమే చదవడం చాలదని నా అభిప్రాయం. ప్రశ్న, జవాబు అనే ఆకారం ఉంది; అడగడం, చెప్పడం మాత్రం జరగలేదు. కంఠస్థం చేసిన సారాంశంతో సంఘం ముందు కూర్చునే అభ్యర్థి స్థితి దీనికి దూరమేమీ కాదు. తేడా ఒక్కటే, అక్కడ వినేవారికి ఆ భాష రాదు. ఇక్కడ వినేవారు దానిలో పండితులు.

పరిశోధన వ్రాతకు ప్రమాణ భాష అవసరమే; దాన్ని కాదనడం లేదు. అనకాపల్లిలో నా సాధన సాగిన రోజుల్లో ముగ్గురు మిత్రులు పరీక్షకులుగా కూర్చునేవారు. ‘ఏమిటి’ అనవలసిన చోట ‘ఏటి’ అన్నప్పుడల్లా కాగితం మీద ఒక గీత పడేది. నా పరికల్పనలో లోపం ఎక్కడుందో వారిలో ఒక్కరూ అడగలేదు, నేనూ అడగమనలేదు. ప్రయాణానికి ముందు రోజు రాత్రి మా అమ్మ, “ఇంతకీ నువ్వు కనుక్కోవాలనుకున్నది ఏటి?” అంది. సారాంశం పక్కన పెట్టి నాలుగు వాక్యాల్లో చెప్పాను. మూడో వాక్యం దగ్గర నా వాదం నిలవడం లేదని నాకే తెలిసింది. ఆ రాత్రి దాన్ని సరిచేసుకుని, మర్నాడు సంఘం ముందు ఆ నాలుగు వాక్యాలే చెప్పాను.