గొడుగు గాలం

గొడుగు గాలం అంటే ఒకే దారానికి నాలుగైదు కృత్రిమ ఎరలు కట్టి, చిన్న చేపల గుంపు ఈదుతున్నట్టు భ్రమ కల్పించే గాలం. ముందు ఒక లోహపు తల ఉంటుంది. దాని నుంచి సన్నటి ఉక్కు తీగలు గొడుగు కమ్మీల్లా విచ్చుకుంటాయి. ఒక్కో తీగ కొసన ఒక రబ్బరు చేప, దాని వీపులోంచి పైకి తేలిన ముల్లు. మధ్య తీగ మాత్రం కాస్త పొడుగు, గుంపు నుంచి వెనకబడిన చేపలా కనిపించడానికి. వేటచేప ఎక్కువగా దాని మీదికే దూకుతుందని వాడినవాళ్లు చెబుతారు. అమెరికాలో బాస్ చేపల వేటగాళ్లు దీన్ని ‘అలబామా రిగ్’ అంటారు. ఆ దేశపు పోటీల్లో ఇంత గొడవ రేపిన పరికరాలు తక్కువే.

సముద్రంలో ఇది కొత్త కాదు. అమెరికా తూర్పు తీరంలో పడవ వెనక గొడుగు గాలాలు కట్టి చారల బాస్‌ని పట్టడం దశాబ్దాలుగా ఉన్నదే. అలబామా వాసి ఆండీ పాస్ దాన్ని చేతికర్రతో విసరగలిగేలా కుదించి మంచినీటి జలాశయాలకు తెచ్చాడు. 2011 అక్టోబరులో గంటర్స్‌విల్ జలాశయంలో ఎఫ్‌ఎల్‌డబ్ల్యూ అనే సంస్థ జరిపిన పోటీలో పాల్ ఎలయస్ దీనితోనే గెలిచాడు. రోజుకు అయిదు చేపల చొప్పున నాలుగు రోజులకు 102 పౌండ్ల 8 ఔన్సులు, అంటే 46 కిలోల పైచిలుకు. రెండో స్థానం వాడు చాలా దూరంలో మిగిలిపోయాడు. ఎలయస్ కొత్తవాడేం కాదు. 1982లో బాస్ వేటలో పేరున్న పోటీ బాస్‌మాస్టర్ క్లాసిక్ గెలిచినప్పుడే పడవలో మోకాళ్ల మీద కూర్చుని, కర్ర కొసను నీళ్లలో ముంచి ఎరను ఇంకా లోతుకు పంపే పద్ధతితో పేరు తెచ్చుకున్నాడు. గంటర్స్‌విల్ గెలుపు తర్వాత గొడుగు గాలాలకు ఒక్కసారిగా గిరాకీ పుట్టింది. మేన్స్ బెయిట్ కంపెనీ హక్కులు తీసుకుని తయారీకి దిగింది.

వాదన అప్పుడే మొదలైంది. ఒక ఎర, ఒక చేప, ఒక మనిషి అన్న లెక్క చెడిపోతోందని ఒక వర్గం. అయిదు ముళ్లుంటే ఒకటి నోట్లో, మరొకటి కంటి దగ్గరో పొట్టలోనో గుచ్చుకుంటుంది, తూకం వేసి ప్రాణంతో వదిలేయాల్సిన చేప బతకదని వాళ్ల బాధ. రెండో వర్గానిది వేరే మాట: రోజుకు లెక్కలోకి వచ్చేది అయిదు చేపలే, ఒక్క విసురుకు రెండు పడితే ఒరిగేదేముంది? చేపలు ఎక్కడున్నాయో ముందు కనిపెట్టాలి కదా? పైగా ఆ బరువు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విసిరితే భుజాలు దిగిపోతాయి, అది మాత్రం నైపుణ్యం కాదా? ఎఫ్‌ఎల్‌డబ్ల్యూ తొలుత అనుమతించింది. బాస్‌మాస్టర్ నిర్వాహకులు మాత్రం 2012 నుంచి ఎలైట్ పోటీల్లోనూ క్లాసిక్‌లోనూ నిషేధించారు. రాష్ట్రాల చట్టాలు మరో దారి తొక్కాయి. టెన్నెసీలో ముళ్లను మూడింటికి పరిమితం చేస్తే, మిగతా తీగలకు ముల్లు లేని బొమ్మచేపలు కట్టి గుంపును గుంపులాగే ఉంచారు వేటగాళ్లు. నిషేధం కన్నా ఈ రాజీ తెలివైనది. చేపను మోసగించేది గుంపు, గాయపరిచేది ముల్లు. రెండింటినీ విడదీసి చూసింది ఈ నిబంధన.

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో బాస్ చేపలు లేవు. పొంచి ఉండి ఎర మీదికి దూకే ఆ స్వభావం ఇక్కడ కొర్రమీనుది. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదంలో వాడేది కూడా దీని పిల్లనే. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, నీళ్లు తగ్గినా బురదలో బతుకుతుంది. గుంపుల వెంట పడి తరిమే చేప కాదిది. గుర్రపుడెక్క కింద, తూటాకు మొదళ్లలో కదలకుండా నిలబడి దగ్గరికొచ్చిన కప్పనో చిన్న చేపనో మింగుతుంది. బాస్ వేటగాళ్లు మెచ్చుకున్న పరికరం ఇక్కడ చతికిలబడేది అందుకే. అయిదు తెరిచిన ముళ్లు ఆకులో పడితే రెండు గజాలు లాగేలోపు కిలో చెత్త ఎక్కుతుంది. కొర్రమీనుకు పనికొచ్చే కృత్రిమ ఎర బోలు రబ్బరు కప్ప. దాని రెండు ముళ్లూ వీపుకు అంటుకుని పైకి ఉంటాయి కాబట్టి ఆకు మీద జారిపోతుంది. చేప కరిచినప్పుడు ఒళ్లు నొక్కుకుపోయి ముళ్లు బయటపడతాయి. నోరు పడగానే లాగితే కప్ప ఒక్కటే తిరిగొస్తుంది. కాస్త ఆగి, దారం బిగిశాక లాగాలి. రబ్బరు కప్ప రాకముందు బతికున్న కప్పపిల్లను ముల్లుకు గుచ్చి ఆకుల మీద ఆడించేవారు. ఇప్పటికీ అలా పట్టేవాళ్లున్నారు.

ఒకే దారానికి అనేక ముళ్లు కట్టడం మాత్రం ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రవ్వ, బొచ్చె వంటి చేపలకు వేసే పిండి గాలం అదే. తవుడు, పల్లి చెక్క, గోధుమపిండి కలిపి ముద్ద చేసి, చుట్టూ నాలుగో ఆరో చిన్న ముళ్లు వేలాడదీస్తారు. ముద్ద నీళ్లలో నానుతూ రాలుతుంటే చేప ఆ పొడిని పీల్చుకుంటూ ముల్లును కూడా పీల్చేస్తుంది. గొడుగు గాలం మీద అమెరికాలో వచ్చిన అభ్యంతరమే దీనికీ వర్తిస్తుంది: నోట్లో పడ్డ ముల్లు కన్నా మొప్పకో రెక్కకో తగులుకున్న ముల్లే ఒక్కోసారి చేపను ఒడ్డుకు తెస్తుంది. ఇక్కడ దాని మీద అంత గొడవ లేదు. పట్టింది వండుకోవడానికే అయినప్పుడు ముల్లు ఎక్కడ గుచ్చుకుందన్నది ఎవరికీ పట్టదు.

చేపల వేట గురించి వివరంగా రాసిపెట్టే అలవాటు దక్కనులో పాతదే. తెలంగాణను కూడా ఏలిన కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం అనే భాగం గాలం వేటకే కేటాయించింది. చేపల రకాలు, అవి ఉండే చోట్లు, ఏ చేపకు ఏ మేత అన్నవి అందులో ఉన్నాయి. ప్రాణిశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దాన్ని వివరంగా పరిశీలించారు. మద్రాసు ప్రెసిడెన్సీ అధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ప్రత్యేకంగా చెరువుల వేట మీద ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ వెలువరించాడు. రాజు వినోదానికీ దొర వినోదానికీ మధ్య చెరువు మీద ఆధారపడి బతికిన బెస్తవాళ్ల గాలాల గురించి ఇంత ఓపికగా రాసినవాళ్లు తక్కువ.

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ప్రాంతంలో గాలం వేట కథ చెరువుల తలరాతతో ముడిపడింది. ఉప్పల్ నల్ల చెరువు, నాచారం హెచ్‌ఎంటీ నగర్ పెద్ద చెరువు, పక్కనే రామంతాపూర్ చెరువులు ఒకప్పుడు పొలాలకు నీరిచ్చినవి. తర్వాత రెండు పారిశ్రామికవాడలు, కాలనీలు వచ్చాయి. ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. మురుగు చేరిన నీటిలో గుర్రపుడెక్క అల్లుకుంది. అలాంటి నీళ్లను తట్టుకునేది గాలి పీల్చే కొర్రమీను, జిలేబీ చేప, దేశంలో పెంపకం నిషేధించినా పాకిపోయిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వంటివే. పట్టిన చేప తినొచ్చా అన్నది ఇక్కడ ముళ్ల సంఖ్య కన్నా పెద్ద ప్రశ్న. అందుకే సరదా వేటగాళ్లు సెలవురోజున శామీర్‌పేట వైపో ఇంకా దూరంగా నాగార్జునసాగర్‌కో బండి తిప్పుతారు.

అక్కడికెళ్లినా మరో ప్రశ్న ఎదురవుతుంది. చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా ముదిరాజ్, గంగపుత్ర మత్స్యకారుల సహకార సంఘాలది. పిల్లలను వదిలేది, కాపలా కాసేది, వల వేసేది వాళ్లే. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చేపపిల్లలు కూడా వాళ్ల పేరు మీదే చెరువుల్లో పడతాయి. ఒడ్డున కర్ర పట్టుకుని కూర్చున్న పట్నం మనిషికి ఒక్క ముల్లుందా అయిదున్నాయా అని సంఘం వాళ్లు చూడరు, ఎవరినడిగి వేశావంటారు. అమెరికా వాదనలో చోటు దొరకని ఈ మాటే ఇక్కడ అసలు మాట, నా దృష్టిలో న్యాయమైన మాట కూడా.

కొర్రమీను వేటగాళ్లలో నిజంగా మాట పెరిగేది వానాకాలంలో. పిల్లలు పుట్టాక తల్లీతండ్రీ రెండూ వాటి పక్కనే కాపలా ఉంటాయి. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన బుడబుడలాడుతూ కనిపిస్తుంది. ఆ గుంపు మీదుగా రబ్బరు కప్పను లాగితే కాపలా చేప ఆకలి లేకపోయినా కోపంతో మీదపడుతుంది. అంత తేలికైన వేట మరొకటి లేదు. ఆ పెద్దదాన్ని తీసేస్తే పిల్లలను మిగతా చేపలూ కొంగలూ ఏరుకు తింటాయి. వదిలేసి రావాలని కొందరు, పట్టి వెంటనే తిరిగి వదిలితే చాలని కొందరు, రేపు ఎవడో వలలో తీసుకుపోయేదాన్ని నేనెందుకు వదలాలని ఇంకొందరు. అక్కడ వాడేది ఒక్క ఎర, ఒక్క దారమే.

ఇక ఉప్పల్ చెరువుల తలరాత సంగతి: నగరంలో చెరువుల, ప్రభుత్వ ఆస్తుల రక్షణకు 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా తొలి విడత పునరుద్ధరణకు ఎంచుకున్న ఆరు చెరువుల్లో ఉప్పల్ నల్ల చెరువు ఒకటి.