రహీమ్ సాబ్ షహర్‌కు ఆఖరి స్థానం

మా రాజమండ్రి గల్లీల్లో క్రికెట్టే జాన్. ఫుట్‌బాల్ అంటే మాత్రం అబ్బా చెప్పే రహీమ్ సాబ్ ఖిస్సాలే. టీచర్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు తాలీమ్ ఇచ్చి, వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిపించారు. 1962లో జకార్తాలో దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు.

ఆ షహర్ పేరుతోనే 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచింది. రెండేళ్లకే తబాహీ! జీతాల బకాయిలు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 సీజన్ చాలావరకు నౌజవాన్ల భుజాల మీదే గడిచింది. 22 మ్యాచ్‌లు, ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం.

'కుర్రాళ్లతో కొత్త జట్టు కట్టబోయి ఫెయిలయ్యారు' అంటే నేనొప్పుకోను. వాళ్లు కట్టిందేమీ లేదు, ఖాళీలు పూడ్చారంతే. రహీమ్ సాబ్ పోలీస్ ఆటగాళ్లకు నౌకరీ ఉండేది, నెల తిరిగితే తన్‌ఖా వచ్చేది. దర్జీ దుకాణంలో కొత్త షాగిర్ద్‌ను ఉస్తాద్ పక్కన కూర్చోబెడతారు. మొదటి రోజే షేర్వానీ బట్ట ముందేసి కత్తెర చేతికివ్వరు. ఇచ్చి, బట్ట పాడైందని వాణ్ణే తిడితే, అది ఇన్సాఫ్ అవుతుందా?