లండను–పారిసు నగరముల నడుమ ఆకాశమార్గము



లండను నగరమునకును పారిసు నగరమునకును నడుమ, పక్షి పోవు తిన్నని దారిలో, దూరము ఇంచుమించు 340 కిలోమీటరులు. ఆమడకు 8 మైళ్లుగా పెద్దలు కట్టు లెక్కను 26 ఆమడలు. ఈ దూరము ఎన్నడును మారలేదు; దానిని దాటు కాలము మాత్రము మారినది. అది ఎట్లు మారెనో విన్నవింపదలచితిని.

ఈ రెండు దేశములను ఇంగ్లీషు చానెలు అను సముద్రము వేరుచేయుచున్నది. అది మిక్కిలి ఇరుకైన డోవరు జలసంధికడ సుమారు 33 కిలోమీటరుల వెడల్పు గలది. 1785 జనవరి 7వ తేదీన బ్లాంషారు, జెఫ్రీసు అను ఇరువురు బెలూనులో దానిని దాటిరి. బెలూను క్రిందికి దిగజొచ్చుటచే సామగ్రినే గాక తాము తొడిగిన దుస్తులనుగూడ సముద్రముపాలు చేసిరట! 1909 జూలై 25న బ్లేరియో తన చిన్న విమానముపై 37 నిమిషములలో ఆ జలసంధిని దాటెను. ఇవి సాహసములు, బాటసారికి పనికివచ్చు దారులు కావు.

అట్టి దారి 1919 ఆగస్టు 25న ఏర్పడెను. లండను చెంతనున్న హౌన్స్‌లో మైదానమునుండి పారిసు శివారునందలి లె బూర్జే వరకు నిత్యము నడచు విమానము ఆనాడు బయలుదేరెను. అది మహాయుద్ధమున బాంబులు వేయుటకై నిర్మించిన జాతిది. ప్రయాణికుడు ఒక్కడే. తక్కిన బరువు వార్తాపత్రికలు, తోలు, మీగడ, వేటపక్షులు. పట్టిన కాలము రెండున్నర గంటలు. రుసుము 20 గినీలు. సామాన్యుడు కలలోనైన తలంపరాని మొత్తమది.

రెండున్నర గంటలంటిని గాని, ఆ లెక్క ఆకాశము నిర్మలముగా నున్న దినములకే చెల్లును. ఎదురుగాలి వీచిన ప్రయాణము సాగును. మబ్బు క్రమ్మిన దారియే కానరాదు. ఆకాశమున మైలురాళ్లు లేవు గదా! విమానము నడపువారు నేలపైని రహదారులను, రైలుపట్టాలను చూచుచు వాని వెంట పోవుచుండిరి. పొగమంచు పట్టిన దినమున మరింత క్రిందికి దిగి పోవుచుండిరి.

1922 ఏప్రిల్ 7న ఫ్రాన్సుదేశమున పికార్డీ సీమలో అట్టి మంచు పట్టియుండెను. పారిసునుండి వచ్చు విమానమొకటి, లండనునుండి టపా తెచ్చు విమానమొకటి ఒకే రహదారిని గురుతుగా గొని, ఒకే యెత్తున, ఎదురెదురుగా వచ్చి ఢీకొనెను. ఒకదానియందు నడపువాడును, పరిచారకుడగు ఒక బాలుడును. రెండవదానియందు నడపువాడు, యంత్రకారుడు, మువ్వురు ప్రయాణికులు. ఏడుగురును మడసిరి.   ఆ బాలుని తలచినపుడెల్ల నా మనస్సు కలగును. ఎదురుపడు విమానములు కుడివైపునకు ఒదిగిపోవలెనని, మార్గములు స్పష్టముగా నిర్ణయింపవలెనని ఈ ఘోరము జరిగిన పిమ్మట పెద్దలు కూడి తీర్మానించిరి. బండ్లబాటపై మన ముత్తాతలెరిగిన మర్యాద వంటిదే అది.

నేడు జెట్టువిమానమున ఈ ప్రయాణము సుమారు గంటంబావు. అయినను విమానాశ్రయములు ఊరికి దవ్వు. అచట వేచియుండు సమయము వేరు. 1994లో సముద్రము క్రిందుగా 50 కిలోమీటరుల సొరంగము తెరచినది మొదలు అనేకులు రైలునే ఆశ్రయించిరి. అది నగరము నడుమనుండి నగరము నడుమకు కొంచెమెచ్చుతగ్గుగా రెండుంబావు గంటలలో చేరును. 1919లో ఆ యొంటరి ప్రయాణికుడు ఆకాశమున గడపిన కాలమునకు అది పావుగంట మాత్రమే తక్కువ.