మిగిలిన చెట్లను వెతికి కొలిచినవాళ్లు

చరిత్ర పాఠంలో రాజులకు, యుద్ధాలకు తేదీలు ఉంటాయి. చెట్లకు వచ్చిన ఒక తెగులుకు కూడా తేదీ ఉంది. 1904లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో, బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో చెట్ల సంరక్షణ చూసే హెర్మన్ మెర్కెల్, అక్కడి చెస్ట్‌నట్ చెట్లు ఎండిపోతున్నాయని గమనించాడు. ఆ తర్వాత 50 ఏళ్లలోపే సుమారు 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా.

చెస్ట్‌నట్ మన వైపు కనిపించే చెట్టు కాదు. దాని కాయ మీద ఉమ్మెత్తకాయ మీదలాగా ముళ్లుంటాయి, ఇంకా ఎక్కువగా ఉంటాయి. లోపల రెండు మూడు గోధుమరంగు గింజలు. వాటిని కాల్చుకుని తింటారు. అమెరికా తూర్పు వైపున మెయిన్ రాష్ట్రం నుంచి అలబామా దాకా ఈ చెట్లుండేవి. నూరు అడుగుల ఎత్తు పెరిగేవి. అపలాచియన్ కొండల్లోని పేదవాళ్లు గింజలు ఏరి, అమ్ముకుని, ఇంటికి సరుకులు తెచ్చుకునేవాళ్లు. పందులు ఆ గింజలు తినే బలిసేవి. కలప తొందరగా పుచ్చదు కాబట్టి ఇళ్లకు, కంచెలకు, రైలు పట్టాల కింది దిమ్మలకు వాడేవాళ్లు.

తెగులుకు కారణం ఒక శిలీంధ్రం. ఆసియా నుంచి తెచ్చిన మొక్కలతో పాటు అది వచ్చింది. ఆసియా చెస్ట్‌నట్ చెట్లు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి, అమెరికా చెట్లు తట్టుకోలేకపోయాయి. బెరడులో చిన్న పగులున్నా లోపలికి పోతుంది. మాను చుట్టూ పుండు పాకితే పైభాగం ఎండిపోతుంది.

1911లో పెన్సిల్వేనియా రాష్ట్రం తెగులును ఆపడానికి ఒక కమిషన్ వేసి, 2,75,000 డాలర్లు ఇచ్చింది. జబ్బు చెట్లను కొట్టించారు. కానీ శిలీంధ్రం సిద్ధబీజాలు గాలిలో, వానలో, పక్షుల కాళ్లకు అంటుకుని పోతాయి. గొడ్డలి వాటిని ఆపలేదు. 1913లో కమిషన్ పని ముగిసింది. ఇక ఎలాగూ చస్తాయి కదా అని చాలామంది బాగున్న చెట్లను కూడా కొట్టి కలప అమ్ముకున్నారు. నాకు బాధ కలిగించింది ఇదే. వాటిలో తెగులును తట్టుకునే చెట్లు కొన్ని ఉండి ఉండవచ్చు. అవి ఉన్నాయో లేదో తెలుసుకునే అవకాశం కూడా వాటితోనే పోయింది.

అయినా చెట్టు పూర్తిగా పోలేదు. మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల శిలీంధ్రం వేళ్లను చంపలేదు. మొదలు నుంచి పిలకలు వస్తాయి, కాస్త పెరగగానే మళ్లీ తెగులు పడుతుంది. అందుకే పెద్దగా పెరిగిన చెట్టు ఎక్కడైనా కనిపిస్తే అది వార్తే. 1983లో అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ ఏర్పడింది. ఎవరికైనా చెట్టు కనిపిస్తే ఆకు, కొమ్మ పంపుతారు. చైనా చెస్ట్‌నట్ ఆకు అడుగున నూగు ఉంటుంది, అమెరికా ఆకు నున్నగా ఉంటుంది. అలా రకం తేల్చుకుని, మంచి చెట్ల పుప్పొడితో కొత్త మొక్కలు పుట్టిస్తారు.

వెతకడానికి విమానం కూడా వాడారు. మిగతా చెట్ల పూలు అయిపోయాక, జూలైలో చెస్ట్‌నట్ తెల్లగా పూస్తుంది. పైనుంచి చూస్తే తెలిసిపోతుంది. 2015లో మెయిన్ రాష్ట్రంలోని లోవెల్ దగ్గర 115 అడుగుల చెట్టు ఇలాగే దొరికింది.

కొలత చాలా సులభం, మనమూ చేయగలం. నేల నుంచి 4.5 అడుగుల ఎత్తున మాను చుట్టూ టేపు పెట్టాలి. చుట్టుకొలత 157 సెం.మీ. వస్తే, 3.14తో భాగిస్తే వ్యాసం 50 సెం.మీ. ఎత్తు కోసం జామెట్రీ బాక్సులోని 45 డిగ్రీల సెట్‌స్క్వేర్ చాలు. దాని అంచు వెంట చెట్టు చివర కనిపించేదాకా వెనక్కి నడవాలి. అక్కడి నుంచి చెట్టుకున్న దూరానికి మన కంటి ఎత్తు కలిపితే చెట్టు ఎత్తు.

అయితే ఒక్కసారి కొలిస్తే చాలదు. విస్కాన్సిన్‌లోని వెస్ట్ సేలం దగ్గర ఒక రైతు 1800ల చివర్లో నాటిన కొన్ని మొక్కలు వేల చెట్ల తోపు అయ్యాయి. అది ఆ చెట్ల సొంత అడవులకు చాలా పడమటగా ఉంది, అందుకే తెగులు రాలేదు. 1987లో అక్కడికీ వచ్చింది. అంటే ఆ చెట్లు తట్టుకుని బతకలేదు, శత్రువు చేరక బతికాయి. ఏ చెట్టు ఏ రకమో తెలియాలంటే ఏళ్ల తరబడి వెళ్లి కొలవాలి, పుండు పెరిగిందా మానిందా చూసి రాయాలి.

ఒక చెట్టు కొట్టేముందు ఒకసారి చూడాలి, కొలవాలి, రాసి పెట్టాలి. 1911లో ఆ పని సరిగా చేసి ఉంటే, ఈ రోజు ఇన్ని వందల మైళ్లు వెతకాల్సిన అవసరం ఉండేది కాదేమో.